అరువు తెచ్చిన సిర

మాచర్ల దగ్గరి వెల్దుర్తి ప్రాంతంవారికి నీటి సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. నాగార్జునసాగర్ కుడికాలువ పల్నాటి సీమలోనే పారుతున్నది. అయినా మెట్టమీది గ్రామాలకు ఆ నీరు ఎక్కదు. వరికపూడిసెల ఎత్తిపోతల కొరకు ఆ గ్రామాలవారు తరాల తరబడి ఎదురుచూచారు. జలాశయం నిండా నీరున్నంత మాత్రాన చేను పండదు గదా! ఆ నీరు చేనిదాకా రావాలి. మన కాళ్ళ సంగతి కూడ సరిగా ఇంతే. గుండె ఎంత బలంగా కొట్టుకొంటున్నా, దారిలో కాలువ పూడిపోతే పాదానికి రక్తం అందదు.

వెల్దుర్తి పరిసరాల్లో మిరపతోట వేసిన ఒక రైతు ఉన్నాడనుకొందాము. వయస్సు యాభై. ఇరవయ్యో ఏటి నుంచి బీడీ కాల్చడం అలవాటు. మొదట పొలం గట్టున కొంత దూరం నడిచేసరికి పిక్క బిగపట్టినట్లు అవుతుంది. ఒక నిమిషం నిలబడితే తగ్గుతుంది. మళ్ళీ నడిస్తే మళ్ళీ వస్తుంది. 'నరం పట్టింది' అనుకొని కొబ్బరినూనె మర్దనతో సరిపెట్టుకొంటాడు. కొన్నాళ్ళకు రాత్రివేళ పాదం మంటపెడుతుంది. మంచం మీదినుంచి కాలు క్రిందికి వ్రేలాడదీస్తే కాస్త హాయిగా ఉంటుంది. ఆ తరువాత బొటనవ్రేలికి తగిలిన చిన్న దెబ్బ మానదు, వ్రేలు నల్లబడుతుంది. ఇంతవరకు వచ్చిన తరువాత ఆయన గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్తే, డాక్టరుగారు ఒకటి రెండు తరాల క్రితం చెప్పగలిగిన మాట ఒక్కటే: 'కాలు తీసివేయాలి.'

ఇక్కడ మాటలను గురించి ఒక సంగతి చెప్పి ముందుకు పోతాను. మన వాడుకలో 'నరం' అన్నదానికి అర్థాలు చాలా ఎక్కువ. మెదడు నుంచి వచ్చే నాడీ నరమే, చేతిమీద నీలంగా కనిపించే గొట్టమూ నరమే, మణికట్టు దగ్గర కొట్టుకొనేదీ నరమే. శాస్త్రంలో ఇది పనికిరాదు. గుండె నుంచి రక్తాన్ని తీసుకొనిపోయేది ధమని; దాని గోడ మందం, లోపలి ఒత్తిడి ఎక్కువ. రక్తాన్ని గుండెకు తిరిగి తెచ్చేది సిర; దాని గోడ పలుచన, ఒత్తిడి తక్కువ. సిరలలో అక్కడక్కడ చిన్న కవాటాలుంటవి. అవి రక్తాన్ని పైకి పోనిస్తవి గాని క్రిందికి జారనివ్వవు. మన కథలో ఈ కవాటాలు మళ్ళీ వస్తవి.

రైతు కాలిలో పూడిపోయినది ధమని. పూడికకు కారణాలు ముఖ్యంగా రెండు. ఒకటి, వయస్సుతో, మధుమేహంతో, పొగాకుతో ధమని గోడలలో క్రొవ్వు, సున్నం పేరుకొని గట్టిపడడం. రెండవది, 1908లో న్యూయార్కులో లియో బ్యూర్గర్ అనే వైద్యుడు వివరించిన జబ్బు. ఇది పొగ త్రాగే వయస్సులోని పురుషులకు, తరచు నలభై ఐదు నిండకముందే, వస్తుంది. దీనిలో ధమనులే కాక సిరలు కూడ వాచి గడ్డకడతవి. బీడీ, చుట్ట అలవాటున్న మన దేశంలో ఈ జబ్బు ఐరోపాలో కంటే ఎక్కువగా కనిపిస్తుంది. పొగాకు పూర్తిగా మానితే తప్ప ఏ శస్త్రచికిత్సా దీనిని నిలుపజాలదు. గుంటూరు జిల్లా పేరు పొగాకుతో ముడిపడి ఉన్నది కాబట్టి ఈ మాట ఇక్కడ మరింత గట్టిగా చెప్పాలి.

పూడిన కాలువను త్రవ్వి తీయలేనప్పుడు రైతు ఏమి చేస్తాడు? పూడికకు పైన గండికొట్టి, ప్రక్కనుంచి ఒక పిల్లకాలువ త్రవ్వి, పూడిక దాటిన తరువాత మళ్ళీ అసలు కాలువలో కలుపుతాడు. వైద్యులు 'బైపాస్' అనేది అదే. ఆలోచన తేలికైనదే, కాని ఆ ప్రక్కకాలువకు గొట్టం ఎక్కడినుంచి తేవాలన్న ప్రశ్న వైద్యులను వంద సంవత్సరాలకు పైగా వేధించింది. రోగి ఒంట్లోని సిరనే వాడాలా, గుడ్డతో నేసిన గొట్టమా, లేక మరణించిన ఒక దాత కాలినుంచి తీసి భద్రపరచిన సిరా? ఈ మూడవ దానిని ఒకప్పుడు వైద్యలోకం నెత్తిన పెట్టుకొన్నది, తరువాత పారవేసింది, ఆపైన మళ్ళీ ఏరుకొన్నది.

కథ ఒక హత్యతో మొదలవుతుంది. 1894 జూన్‌లో ఫ్రాన్సు అధ్యక్షుడు సాదీ కార్నో లియాన్ నగరంలో కత్తిపోటుకు గురి అయినాడు. పొట్టలోని పెద్దసిర తెగింది. తెగిన నాళాన్ని కుట్టే పద్ధతి ఆనాటి శస్త్రవైద్యులకు తెలియదు కాబట్టి వారు చూస్తుండగానే ఆయన ప్రాణం పోయింది. ఆ ఊళ్ళోనే వైద్యం చదువుతున్న అలెక్సీ కారెల్ అనే యువకుని మనస్సులో ఇది నాటుకొన్నది. గుడ్డను కుట్టగలిగినప్పుడు నాళాన్ని ఎందుకు కుట్టలేము? అతడు లియాన్‌లో పట్టుబట్టలపై అల్లికపని చేసే ఒక స్త్రీ వద్దకు పోయి సన్నని సూది, సన్నని దారంతో కుట్టడం నేర్చుకొన్నాడు. 1902లో తన పద్ధతిని ప్రకటించాడు. గుండ్రని నాళపు అంచులో సమాన దూరంలో మూడు కుట్లు వేసి లాగితే ఆ వలయం త్రిభుజమవుతుంది. అప్పుడు అంచు వెంబడి తిన్నగా కుట్టవచ్చును. లోపలి నునుపు పొర చెడకుండా దారానికి వ్యాసలైన్ పూసేవాడు. ఈనాటికీ రక్తనాళాల శస్త్రవైద్యానికి ఇదే ఓనమాలు.

తరువాత కారెల్ అమెరికా వెళ్ళి, చికాగోలో చార్లెస్ గత్రీతో కలిసి కుక్కల మెడలోని ధమని ముక్కను తీసి, దాని స్థానంలో సిర ముక్కను కుట్టాడు. సిర పగిలిపోలేదు! కొత్త ఒత్తిడికి తట్టుకొనేటట్లు దాని గోడ క్రమంగా మందమెక్కింది. కారెల్ అంతటితో ఆగక, నాళాల ముక్కలను గడ్డకట్టనంత చల్లదనంలో రోజుల తరబడి, వారాల తరబడి నిలవ ఉంచి మరో జంతువులో అతికించి చూచాడు. వాటిలో కొన్ని పనిచేశాయి. 1912లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. గత్రీకి అందులో వాటా దక్కలేదు. దక్కవలసినదని నా అభిప్రాయం.

మనుష్యులలో కూడ ఆ రోజులలోనే ఒకటి రెండు ప్రయత్నాలు జరిగినవి. 1906లో మాడ్రిడ్‌లో హోసే గోయానెస్, మోకాలి వెనుక ఉబ్బిన ధమనికి బదులు ప్రక్కనున్న సిరనే వాడాడు. మరుసటి సంవత్సరం జర్మనీలో ఎరిక్ లెక్సర్ తొడలోని సిర ముక్కను చంకలోని ధమనికి అతికించాడు. ఆ తరువాత దాదాపు నలభై సంవత్సరాలు ఈ విద్య నిద్రపోయింది. రక్తం గడ్డకట్టకుండ ఆపే హెపారిన్ అప్పటికి లేదు. ధమనిలో పూడిక ఎక్కడున్నదో చూపే ఎక్స్-రే చిత్రాలు లేవు. గాయంలో చీముపట్టకుండ కాపాడే పెన్సిలిన్ లేదు. ఇవి మూడూ చేతికి వచ్చేసరికి రెండవ ప్రపంచయుద్ధం ముగిసింది.

1948లో రెండు పనులు జరిగినవి. బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్, మృతుల నుంచి తీసిన ధమని ముక్కలను ఉప్పునీటి ద్రవంలో కొద్దిగా రసి కలిపి, మంచుకంటే కాస్త వెచ్చగా, ఒకటి నుంచి నాలుగు డిగ్రీల చలిలో వారాలపాటు నిలవ ఉంచి, పుట్టుకతోనే మహాధమని ఇరుకైన పిల్లలకు అతికించాడు. అదే సంవత్సరం జూన్ 3వ తేదీన పారిస్‌లో జాఁ కున్లాఁ అనే వైద్యుడు యాభై నాలుగేళ్ళ రోగి కాలికి మొదటి బైపాస్ చేశాడు. ఆ రోగికి అంతకు ముందే ధమనిలో మూసుకుపోయిన ముక్కను కోసి తీసివేశారు గాని ఫలితం లేకపోయింది. పాత గాయపు మచ్చ వలన ధమని కొనలకు కొనలు అతికే వీలు లేదు. కున్లాఁ రోగి తొడనుంచి సిరను తీసి, మచ్చకు పైన ధమని ప్రక్కన రంధ్రం చేసి ఒక కొన, మచ్చకు క్రింద మరో కొన కుట్టాడు. అవసరం కొద్దీ పుట్టిన ఉపాయమే చివరకు అందరికీ పద్ధతి అయినది. సిరను తీసినవాడు దానిని తలక్రిందులుగా అమర్చాలి. లేకుంటే నేను ముందు చెప్పిన కవాటాలు రక్తానికి అడ్డం తిరుగుతవి.

తరువాతి ఘట్టంలో మన దేశానికి కూడ చిన్న పాత్ర ఉన్నది. 1950 జూన్ 3న, సరిగా కున్లాఁ శస్త్రచికిత్స జరిగిన తేదీనే, ఫ్రెంచివారు ఇద్దరు హిమాలయాలలోని అన్నపూర్ణ శిఖరం ఎక్కారు. దిగేటప్పుడు మంచుకు వారి కాలిచేతి వ్రేళ్ళు చచ్చుబడినవి. ఆ బృందంలోని వైద్యుడు జాక్ ఊదో, రక్తప్రసారం తిరిగి వస్తుందేమోనని గుడారంలోనే వారి ధమనులలోకి మందు ఎక్కించాడు. ఆఖరుకు తిరుగుప్రయాణంలో, మన దేశపు రైలుపెట్టెలో కూడ, కుళ్ళిన వ్రేళ్ళను కోయవలసి వచ్చింది. రక్తం అందని పాదం ఏమవుతుందో అంత దగ్గరగా చూచిన ఆ వైద్యుడే అదే సంవత్సరం నవంబరులో పారిస్‌లో, పొట్టలో మహాధమని రెండుగా చీలే చోట పూడిపోయిన ఒక స్త్రీకి, మృతదేహం నుంచి తీసి భద్రపరచిన చీలిక ధమనిని అమర్చాడు. 1951 మార్చి 29న అదే నగరంలో షార్ల్ దుబోస్త్ ఉబ్బిన మహాధమనిని తీసివేసి దాత ధమనితో మార్చాడు. ఊదో 1953లో కారు ప్రమాదంలో మరణించాడు.

దీనితో పశ్చిమ దేశాలన్నిటా ధమనుల బ్యాంకులు వెలసినవి. శవపరీక్ష గదులకు ప్రక్కనే సీసాలలో, మంచుపెట్టెలలో నాళాలు! కొందరు వాటిని గడ్డకట్టించారు, కొందరు గడ్డకట్టించి తేమ తీసి ఎండబెట్టారు. కాని నాలుగైదేళ్ళు గడిచేసరికి చేదు నిజం బయటపడింది. అతికిన ధమనులలో చాలావాటి గోడలు పెళుసెక్కి సున్నం పట్టినవి, కొన్ని ఉబ్బి పగిలినవి, కొన్ని మూసుకుపోయినవి. మరొకరి కణాలను శరీరం పరాయివిగా గుర్తించి దాడి చేస్తుందని పీటర్ మెదవార్ చర్మపు అంట్లమీద 1940వ దశకంలోనే నిరూపించాడు. రక్తనాళం దానికి అతీతమని ఆశపడ్డారు, కాలేదు.

ఆ సమయానికే వస్త్రం రంగప్రవేశం చేసింది. న్యూయార్కులో ఆర్థర్ వూర్‌హీస్, కుక్క గుండెలో మిగిలిపోయిన పట్టుదారం మీద నున్నని పొర పెరగడం చూచి, దారమే కాదు గుడ్డ గొట్టం కూడ పనిచేయవచ్చునని ఊహించాడు. 1952లో విన్యాన్ గుడ్డతో కుక్కలలో నిరూపించాడు. హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ దుకాణంలో నైలాను దొరకక డేక్రాన్ కొని, ఇంటి కుట్టుమిషను మీద గొట్టాలు కుట్టాడని ప్రసిద్ధి. డేక్రాన్ పొట్టలోని పెద్ద నాళాలకు దివ్యంగా పనికివచ్చింది. 1960 వచ్చేసరికి ధమనుల బ్యాంకులు దాదాపు మూతపడినవి.

అయితే మోకాలి క్రింద గుడ్డగొట్టం తల వంచింది. అక్కడి ధమనులు రెండు మూడు మిల్లీమీటర్ల లావు మాత్రమే; రక్తం మెల్లగా పారుతుంది, గుడ్డమీద గడ్డ త్వరగా కడుతుంది. అక్కడ రోగి సొంత సిరకు సాటి వచ్చేది ఈనాటికీ లేదు. సొంత సిరతో చేసిన బైపాస్‌లలో సుమారు మూడింట రెండు వంతులు ఐదేళ్ళ తరువాత కూడ పారుతూ ఉంటవి.

మరి సొంత సిర లేనివాని గతి? ఇట్టివారు తక్కువమంది కాదు. కాళ్ళలో సిరలు ఉబ్బి మెలితిరిగినందుకు లోగడ వాటిని తీయించుకొన్నవారు కొందరు. 1967లో క్లీవ్‌లాండ్‌లో రెనే ఫావలోరో గుండెకు అదే కాలిసిరతో బైపాస్ మొదలుపెట్టిన తరువాత, ఆ సిరను గుండెకు సమర్పించుకొన్నవారు మరికొందరు. బ్యూర్గర్ జబ్బువారికైతే సిరలే చెడిపోయి ఉంటవి. మన మిరపతోట రైతు ఈ చివరి కోవలోనివాడైతే, అతనికి కాలు దక్కాలంటే పరుల సిర తప్ప దారి దొరకని రోజు ఒకటి రావచ్చును.

1970వ దశకంలో కొందరు వైద్యులు ఉబ్బిన సిరలు తీయించుకొనే రోగుల నుంచి, మృతుల నుంచి సిరలు సేకరించి శీతల ద్రవంలో ఉంచి వాడారు. హెర్బర్ట్ డార్డిక్, ఇర్వింగ్ డార్డిక్ అనే సోదరులు మరో ఉపాయం పన్నారు. ప్రతి కాన్పులోనూ పారవేసే బొడ్డుత్రాడులో ఒక చక్కని సిర ఉన్నది గదా! దానిని గ్లూటరాల్డిహైడులో నానవేసి, పైన డేక్రాన్ వల తొడిగారు. ఇది తోలు ఊనడమే. మన పల్లెల్లో తంగేడు పట్టతో పచ్చితోలును ఊనినప్పుడు తోలులోని కొల్లాజెన్ పోగులు ఒకదానికొకటి ముడిపడి కుళ్ళకుండ నిలుస్తవి; గ్లూటరాల్డిహైడు కూడ ఆ పోగులనే ముడివేస్తుంది. దానితోపాటు పరాయి కణాల గుర్తులను కూడ కప్పివేస్తుంది. గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టి మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధనాలయాన్ని నడిపిన యలవర్తి నాయుడమ్మగారి విద్యకు, ఈ సిరకు రసాయనిక బంధుత్వం ఉన్నదన్నమాట. కాని ఊనిన సిర చచ్చిన సిర. అది తనను తాను బాగుచేసుకోజాలదు. సంవత్సరాలు గడిచేకొద్దీ కొన్ని ఉబ్బినవి.

బ్రతికి ఉన్న సిరనే నిలవ ఉంచలేమా? దీనికి జవాబు కోడిపుంజుల నుంచి వచ్చింది. 1949లో లండన్‌లో క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, ఆలన్ పార్క్స్ కోడి వీర్యకణాలను గడ్డకట్టించి మళ్ళీ బ్రతికించే ప్రయత్నంలో ఉన్నారు. చక్కెర ద్రవాలతో ఫలితం లేదు. ఒకసారి అనుకోకుండా కణాలు బ్రతికినవి. పరీక్షించి చూస్తే ఆ సీసాలో ఉన్నది చక్కెర కాదు, గ్లిసరాల్! చీటీలు తారుమారైనవి. ఇంతకు చలి కణాన్ని ఎట్లా చంపుతుంది? బయటి నీరు గడ్డకట్టేకొద్దీ మిగిలిన నీటిలో ఉప్పు చిక్కబడి కణాన్ని కాల్చివేస్తుంది. చలి మరీ వేగంగా తగిలితే కణం లోపలే మంచుసూదులు పుట్టి పొరలను చీలుస్తవి. గ్లిసరాల్ ఆ నీటిని పట్టి ఉంచి ఈ రెంటినీ తగ్గిస్తుంది. 1959లో జేమ్స్ లవ్‌లాక్ తన సహచరునితో కలిసి డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రవం ఇంకా సులభంగా కణంలోకి చొరబడి ఇదే పని చేస్తుందని చూపాడు.

ఈ విద్య మన రైతుకు కొత్తది కాదు. పశువుల ఆసుపత్రిలో నత్రజని ద్రవం నింపిన డబ్బాలో, సున్నాకు 196 డిగ్రీలు దిగువన, ఒంగోలు గిత్త వీర్యం సన్నని గొట్టాలలో నిలవ ఉండడం అతడు చూచే ఉంటాడు. దాత సిరను నిలవచేసేది కూడ ఇంచుమించు అట్లాగే. మరణించిన దాత తొడనుంచి, బంధువుల అంగీకారంతో, సిరను గిల్లకుండ లాగకుండ తీస్తారు. క్రిమినాశక మందులలో కడుగుతారు. దాత రక్తాన్ని కామెర్లు, ఎయిడ్స్ మొదలైనవాటికి పరీక్షిస్తారు. తరువాత ఆ రక్షక ద్రవంలో ముంచి నిమిషానికి సుమారు ఒక డిగ్రీ చొప్పున మెల్లగా చల్లార్చి, నత్రజని ద్రవపు ఆవిరిలో దాస్తారు. అవసరమైన రోజున వేగంగా కరగబెట్టి, రక్షక ద్రవాన్ని అంచెలంచెలుగా కడిగివేసి రోగికి అమరుస్తారు. 1980వ దశకం నుంచి అమెరికాలో ఇట్టి సిరలు వైద్యశాలలకు సరఫరా అవుతున్నవి.

ఫలితం ఎట్లా ఉన్నది? ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. అనేక వైద్యశాలల అనుభవంలో, ఈ సిరలలో సగానికి మించి ఏడాది తిరిగేసరికి మూసుకుపోయినవి. సొంత సిరతో పోలిస్తే ఇది చాలా తక్కువ. ఘనీభవనం కణాలను బ్రతికించింది, కాని వాటి పరాయితనాన్ని పోగొట్టలేదు. బ్రతికిన కణాలే రోగి రక్తంలో ప్రతిరక్షకాలను పుట్టిస్తవి. రోగికి మున్ముందు మూత్రపిండం మార్చవలసి వస్తే, సరిపోయే దాత దొరకడం ఆ ప్రతిరక్షకాల వలన కష్టమవుతుంది. మధుమేహ రోగులకు ఇది చిన్న విషయం కాదు. క్రిముల భయం కూడ ఉన్నది. 2001లో అమెరికాలో, సిర కాకపోయినా, దాత కణజాలంతో మోకాలికి శస్త్రచికిత్స చేయించుకొన్న ఒక యువకుడు అందులోని క్రిముల వలన మరణించాడు. ఆ తరువాత అక్కడి ప్రభుత్వం కణజాల బ్యాంకుల మీద నిబంధనలను బిగించింది.

అటువంటప్పుడు దీనిని ఎందుకు వాడాలని పాఠకులు అడగవచ్చును. నా సమాధానం: కాలు, గొట్టం రెండూ ఒకటి కావు. మూసుకుపోయిన బైపాస్‌లకంటే తీసివేయవలసి వచ్చిన కాళ్ళు తక్కువ. పుండు మానడానికి రక్తం ధారాళంగా కావాలి. ఒకసారి మానిన పాదం బ్రతకడానికి అంత అక్కరలేదు. ఆరునెలలు పారిన సిర పుండును మాన్పి, ఆ తరువాత మూసుకుపోయినా, ఆ మనిషి సొంత కాళ్ళమీద పొలానికి పోతూ ఉండవచ్చును. ఇంకొక చోట ఈ సిరకు, దాత ధమనికి మంచి పేరున్నది. లోగడ అమర్చిన గుడ్డగొట్టానికి చీముపట్టినప్పుడు దానిని తీసి మరో గుడ్డగొట్టం పెడితే అదీ చీముపడుతుంది. దాత నాళం క్రిములకు అంత సులభంగా లొంగదు. 1950వ దశకంలో పారవేసిన వస్తువు ఈ పనికొరకు ఐరోపాలోనూ మళ్ళీ వాడుకలోకి వచ్చింది.

మన దేశంలో గుండె కవాటాలను, చర్మాన్ని, ఎముకను నిలవచేసే కేంద్రాలు కొన్ని చోట్ల ఉన్నవి. కాలి బైపాస్‌కు దాత సిర వాడడం మాత్రం అరుదు. 1994 నాటి అవయవమార్పిడి చట్టం పరిధిలోకి 2011 సవరణతో కణజాలాలు కూడ వచ్చినవి. తెలుగు రాష్ట్రాలలో జీవన్‌దాన్ పేరుతో అవయవదానం నమోదు జరుగుతున్నది. మూత్రపిండం, కాలేయం, గుండె, కన్ను అని అడిగినప్పుడు తల ఊపిన కుటుంబం, 'కాలి సిర కూడ' అంటే ఏమంటుందో! నాకు తెలిసినంతలో మనవారికి సంకోచమంతా దేహం చెడుతుందేమోననే. సిరను తీసిన తరువాత తొడమీద మిగిలేది కుట్టిన సన్నని గీత మాత్రమే.

ఇక మన రైతుకు సిర దొరికేదాకా చేయవలసినది, చేయగలిగినది ఒకటున్నది. మొదట పిక్క పట్టిన రోజున నూనె మర్దన మాని వైద్యుని దగ్గరకు పోతే, వైద్యుడు మోకాలి వెనుక, చీలమండ దగ్గర, పాదం మీద వ్రేళ్ళు పెట్టి ధమని కొట్టుకొంటున్నదో లేదో చూస్తాడు. దానికి యంత్రమేమీ అక్కరలేదు, అర నిమిషం చాలు. అక్కడ నాడి అందకపోతే ఆ రోజునే బీడీకట్టను వైద్యుని బల్లమీద వదలి రావాలి.